మన గ్రంథాలయంలో అష్టమి చంద్రుడు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం. సభ్యుల కోరికపై ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము.)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. పెన్షను ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అని 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. ఏటా ఈ సభలో మనం డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకుంటాం. ఆ సంగతులు నాకంటే బాగా చెప్పగలవారు వేదిక మీద ఉన్నారు. నన్ను మాత్రం గ్రంథాలయంలో పిల్లలకూ పెద్దలకూ చంద్రుణ్ణి చూపించిన ముచ్చట చెప్పమన్నారు. "మేమూ మా ఊళ్ళో చేస్తాం, ఎలా చేశారో చెప్పండి" అని పొరుగూరి సభ్యులు అడిగారట. చెబుతాను. దాంతోపాటు అడగని సంగతి కూడా ఒకటి చెప్పవలసి ఉంది. అది చివర్లో చెబుతాను.

నేను తంతి కార్యాలయంలో చేరింది 1974లో. రిటైరయింది 2014లో. తంతి సర్వీసు 2013 జూలైలో ఆగిపోయింది కాబట్టి, నా ఉద్యోగం నాకంటే ఏడాది ముందే రిటైరయింది. ఆ తరువాత పొద్దుపోక మన శాఖా గ్రంథాలయానికి రోజూ సాయంత్రం వెళ్ళడం అలవాటైంది. వేటపాలెం సారస్వత నికేతనం మనకు పొరుగునే ఉంది. అది 1918 నాటిది. 1935లో కృష్ణా కాలువల మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని పల్లెలకు తీసుకెళ్ళిన జిల్లాలు మనవి. అలాంటి చోట మన గ్రంథాలయంలో సాయంత్రం పూట దినపత్రికల బల్ల దగ్గర మనలాంటి తెల్లజుట్టు వాళ్ళం ఆరేడుగురం, పోటీ పరీక్షల కుర్రవాళ్ళు నలుగురు, అంతే. పిల్లల విభాగం బీరువా తాళం తీసే పనే ఉండేది కాదు.

2023 ఆగస్టు 23 సాయంత్రం మాత్రం వేరు. ఆ రోజు చంద్రయాన్-3 దిగుతోందని పక్క వీధి పిల్లలు పది పన్నెండు మంది గ్రంథాలయంలోకి వచ్చారు. ఒక కుర్రవాడి సెల్‌ఫోను చుట్టూ అందరం మూగాం. సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు విక్రమ్ చంద్రుడి మీద దిగింది. పిల్లలతో పాటు మేమూ చప్పట్లు కొట్టాం. నాకు 1969 జూలై 21 గుర్తొచ్చింది. ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద అడుగుపెట్టినప్పుడు మన గడియారంలో ఉదయం 8 గంటల 26 నిమిషాలు. అప్పుడు నాకు పదిహేనేళ్ళు. పంచాయతీ రేడియో దగ్గర నిలబడి బడికి ఆలస్యంగా వెళ్ళి దెబ్బలు తిన్నవాణ్ణి. ఈసారి దెబ్బల భయం లేదు. పక్కన ఆరో తరగతి చదివే మా మనవరాలు ఉంది. "తాతయ్యా, మనం కూడా చంద్రుణ్ణి దగ్గరగా చూడొచ్చా?" అంది. చూడొచ్చు అన్నాను. ఆ ఒక్క మాట వల్ల వచ్చింది ఈ వ్యవహారమంతా.

గ్రంథాలయాధికారి గారిని అడిగితే సంతోషంగా ఒప్పుకున్నారు. కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరరు మిత్రుడి దగ్గర మూడంగుళాల దూరదర్శిని ఉంది. ఆయన కొడుకు దగ్గరికి ప్రయాణమవుతూ దాన్ని నాకు అప్పగించి వెళ్ళారు. చంద్రుడంటే పున్నమి, పున్నమి అంటే చంద్రుడు, ఇందులో ఆలోచించవలసింది ఏముంది అనుకున్నాను. అక్టోబరు 28 పున్నమి, పైగా శనివారం. పిల్లలకు మరునాడు సెలవు. తేదీ ఖాయం చేసేశాను.

ఆ ఏర్పాట్ల కోసం మన సభ్యులు ఐదారుగురు మా ఇంట్లో కూర్చున్నాం. మా ఆవిడ కాఫీలు తెచ్చి, నిలబడి వింది. "ఏమండీ, ఆ రాత్రి గ్రహణం ఉంది. పిల్లల్ని పంపుతారో లేదో. పైగా పున్నమి కంటే..." అని ఏదో చెప్పబోయింది. నేను పూర్తి కానివ్వలేదు. "గ్రహణం అర్ధరాత్రి దాటాక. మన కార్యక్రమం ఏడింటికి. నీకేం తెలుసు, నువ్వు కాఫీ సంగతి చూడు" అన్నాను. ఒకరిద్దరు నవ్వారు. ఆమె గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అక్టోబరు 28 సాయంత్రం ఏం జరిగిందో మీలో కొందరు చూశారు. అరవై కుర్చీలు వేయించాం. వచ్చింది నాలుగు కుటుంబాలు. గ్రహణం పట్టేది రాత్రి 1 గంట 5 నిమిషాలకే అయినా, ఆ పూట వంట త్వరగా ముగించాలి, తలుపులు వేసుకోవాలి, కడుపుతో ఉన్న కోడలిని కదలనివ్వకూడదు అని ఎవరింటి పట్టింపు వారికి ఉంది. నేను ఫోన్లు చేసి మూఢనమ్మకాల మీద చిన్న ఉపన్యాసం ఇచ్చాను. రావాలనుకున్న ఇద్దరు కూడా దాంతో మానేశారు.

వచ్చినవాళ్ళకైనా ఏం చూపించానని! దూరదర్శినిలో పున్నమి చంద్రుడు కళ్ళు చెదిరేటంత తెల్లగా, తోమిన వెండి పళ్ళెంలా ఉన్నాడు. గుంటలు లేవు, కొండలు లేవు. అక్కడక్కడ బూడిద మరకలు, అంతే. ఒక బాబు కన్ను ఆనించి చూసి, "తాతగారూ, ఊరికే చూసినా ఇలాగే ఉంది కదా" అన్నాడు. వాడి మాట నిజమే. ఎనిమిదింటికల్లా కుర్చీలు మడతపెట్టేశాం.

ఆ రాత్రి నిద్ర పట్టక ఒంటిగంటకు మేడ మీదికి వెళ్ళాను. గ్రహణం మొదలైంది. చంద్రుడి అంచును ఎవరో వేలితో తుడిచినట్లు కొంచెం మసకబారింది. నా భుజం మీద శాలువా పడింది. మా ఆవిడ! ఎప్పుడు వచ్చిందో తెలియలేదు. ఇద్దరం కాసేపు చూశాం. అప్పుడు అడిగాను, "ఆ రోజు ఏదో చెప్పబోయావు, ఏమిటది?" అని. "ఇప్పుడు అడుగుతున్నారా?" అంది. అడుగుతున్నాను అన్నాను. "పున్నమికి చీకటి పడ్డాక గాని చంద్రుడు పైకి రాడు. పిల్లలు నిద్రకు తూగుతారు. అష్టమి అయితే దీపాలు పెట్టే వేళకే నడినెత్తిన ఉంటాడు. తొమ్మిదింటికి ఇళ్ళకు పోవచ్చు. వచ్చే కార్తీక శుద్ధ అష్టమి నవంబరు 20న వస్తుంది, సోమవారం. గుడికి వెళ్ళి వచ్చేవాళ్ళు అటునుంచి అటే వస్తారు" అంది.

నవంబరు 14 నుంచి 20 వరకు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు. ఆమె చెప్పిన తేదీ సరిగ్గా ముగింపు రోజు! మరునాడు పొద్దున్నే లెక్చరరు గారికి ఫోను చేశాను. ఆయన ముందు నా పున్నమి కథంతా విని, "2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 ల్యాండరు కూలిపోతే వాళ్ళు పని మానేశారా? మీది రెండోది అయింది, మూడోది చూద్దాం" అని నవ్వారు. అష్టమి మాట చెప్పగానే, "ఎవరు చెప్పారో గాని సరిగ్గా చెప్పారు" అన్నారు. సగం చంద్రుడి మీద వెలుగుకూ చీకటికీ మధ్య ఉన్న గీత దగ్గర సూర్యుడు అప్పుడే ఉదయిస్తూ ఉంటాడట. అక్కడ నీడలు పొడుగ్గా పడి గుంటలు, కొండలు తేలి కనిపిస్తాయట. పున్నమినాడు మన వైపు నుంచే వెలుగు తిన్నగా పడుతుంది కాబట్టి నీడలు ఉండవట. నేను ఇది మా ఆవిడకు చెబితే, "దానికి అంత ఆశ్చర్యం ఎందుకు? మేడ మీద వడియాలు మధ్యాహ్నం చూస్తే తెల్లగుడ్డ మీద తెల్లగా కలిసిపోతాయి. పొద్దు వాలేటప్పుడు చూడండి, ఒక్కో వడియానికి ఒక్కో నీడ. లెక్కపెట్టుకోవచ్చు" అంది. చంద్రుడి గురించి నేను చదివిన వాటిలో ఇంత తేలిగ్గా అర్థమైన వాక్యం మరొకటి లేదు.

ఆ తరువాత ఆమె వంటింటి బీరువా అడుగు నుంచి పాత క్యాలెండర్లు తీసింది. ఎనిమిదేళ్ళవి. పాల లెక్క, గ్యాసు బండ వచ్చిన తేదీ, వాటి పక్కనే పెన్సిలుతో "చం. 8-25", "చం. 8-50" అని. సంకటహర చతుర్థికి చంద్రుణ్ణి చూసి గాని భోజనం చేయదు కదా. ఎదురింటి డాబా మీద చంద్రుడు ఎప్పుడు కనిపించాడో నెలనెలా రాసిపెట్టుకుంది. ఏ పక్క నుంచి వచ్చాడో కూడా తెలుసు. చలికాలంలో కొబ్బరిచెట్టు వైపు, అంటే ఉత్తరానికి జరిగి. వేసవిలో నీళ్ళ ట్యాంకు వైపు, అంటే దక్షిణానికి జరిగి. లెక్చరరు గారిని అడిగితే అది నిజమే. చలికాలంలో సూర్యుడు దక్షిణాన ఉంటే, పున్నమి రోజుల చంద్రుడు ఆయనకు ఎదురుగా ఉత్తరాన ఉంటాడు. వేసవిలో తారుమారు. నేను నలభై ఏళ్ళు అందులో సగం రాత్రి డ్యూటీలు చేశాను. కిటికీలోంచి చంద్రుణ్ణి చూశాను గాని, ఒక్కనాడు టైము రాసుకోలేదు.

ఇక నవంబరు 20 సంగతి. మీ ఊళ్ళో చేయదలచినవారికి పనికొస్తుందని వివరంగా చెబుతాను.

వీధి దీపం కాసేపు ఆర్పించమని ఒక కార్యాలయానికి అర్జీ పెట్టాను. జవాబు ఇప్పటికీ రాలేదు. రానక్కర్లేదు కూడా! చుక్కలు చూడాలంటే చీకటి కావాలి గాని, చంద్రుణ్ణి చూడడానికి ఊరి దీపాలు అడ్డం కావు. దూరదర్శిని గ్రంథాలయం ముందున్న ఖాళీ స్థలంలో పెట్టాం. పక్కన పిల్లలు ఎక్కడానికి పీట ఒకటి, పెద్దలు కూర్చుని చూడడానికి కుర్చీ ఒకటి. చుట్టూ తాడు. దూరదర్శినిలో బొమ్మ తలకిందులుగా కనిపిస్తుందని ముందే బోర్డు మీద రాశాం. పగలు మాత్రం దాన్ని సూర్యుడి వైపు తిప్పకూడదని, కళ్ళు పోతాయని పిల్లలకు మొట్టమొదట చెప్పాం. ఇది ఎవరూ మరవవద్దు.

ఒక్క దూరదర్శిని దగ్గర అందరూ నిలబడితే వరుస కదలదు. అందుకని లోపల నాలుగు బల్లలు పెట్టాం.

మొదటి బల్ల మీద బత్తాయిలు, ఉసిరికాయలు. భూమి బత్తాయి అయితే చంద్రుడు ఉసిరికాయంత ఉంటాడు. భూమి అడ్డుకొలత 12,742 కిలోమీటర్లు, చంద్రుడిది 3,474. "ఉసిరికాయను బత్తాయికి ఎంత దూరంలో పెట్టాలో పెట్టండి" అని పిల్లల్ని అడిగాం. అందరూ జానెడు దూరంలో పెట్టారు. పెద్దలు మూరెడు. అప్పుడు బత్తాయిలు ఒకదాని పక్కన ఒకటి పేర్చడం మొదలుపెట్టాం. ముప్పై పేరిస్తే గాని చంద్రుడు రాలేదు. చదివే బల్ల సరిపోక రెండో బల్ల జరిపాం. 3,84,400 కిలోమీటర్లు అని చెబితే ఎవరికీ తోచదు. రెండున్నర డజన్ల బత్తాయిలు అంటే అందరికీ తోచింది. చివర్లో భూములన్నీ ఒలుచుకు తిన్నారు.

రెండో బల్ల మీద వెడల్పాటి పళ్ళెంలో బియ్యప్పిండి, దాని మీద పలచగా రాగిపిండి. పైనుంచి గోళీ వేస్తే గుంట పడి, అడుగు తెల్లపిండి చుట్టూ చారలుగా చిమ్ముతుంది. చంద్రుడి గుంటలు ఆకాశం నుంచి పడిన రాళ్ళ వల్ల ఏర్పడినవే. అక్కడ గాలి లేదు, వాన లేదు కాబట్టి చెరిగిపోకుండా కోట్ల సంవత్సరాలు నిలిచిపోయాయి. ఈ బల్ల దగ్గర నుంచి పిల్లల్ని లాగడం మా వల్ల కాలేదు. ఇంటికి వెళ్ళాక తల్లులు ఎవరెవరు నన్ను తిట్టుకున్నారో తెలియదు.

మూడో బల్ల చీకటి గదిలో. ఒక బల్బు సూర్యుడు. పుల్లకు గుచ్చిన తెల్ల బంతి చంద్రుడు. పట్టుకున్న పిల్లవాడి తలే భూమి. చేయి చాచి నెమ్మదిగా చుట్టూ తిరిగితే అమావాస్య, నెలవంక, అష్టమి, పున్నమి అన్నీ వాడి కళ్ళ ముందే వస్తాయి. మన పంచాంగంలో తిథి అంటే చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు జరగడం. అష్టమి సగానికి 90 డిగ్రీలు, అంటే సరిగ్గా మూల. అందుకే సగం చంద్రుడు. పంచాంగం చూసే తాతలు ఈ గదిలో పిల్లల కంటే ఎక్కువసేపు ఉన్నారు.

చంద్రుడు ఎప్పుడూ ఒకే ముఖం ఎందుకు చూపిస్తాడు అని అక్కడే ఒక అమ్మాయి అడిగింది. నేను భ్రమణం, పరిభ్రమణం అంటూ మొదలుపెట్టాను. ఆ అమ్మాయి ఆవులించింది. మా ఆవిడ లేచి, ఒక కుర్చీ మధ్యలో వేసి, "ఇది గుడి. ప్రదక్షిణం చెయ్యి" అంది. చేసింది. "నీ కుడిచెయ్యి ఎటు ఉంది?" "కుర్చీ వైపే." "ఎడమచెయ్యి ఒక్కసారైనా కుర్చీ వైపు వచ్చిందా?" "రాలేదు." "కాని నీ ముఖం నాలుగు గోడల వైపూ తిరిగింది కదా. ఒక చుట్టు తిరిగేసరికి నువ్వూ ఒకసారి తిరిగావు. చంద్రుడూ అంతే" అంది. చంద్రుడు ఆ ప్రదక్షిణం 27 రోజుల పైచిలుకులో చేస్తాడని నేను చివర్న ఒక ముక్క కలుపుకున్నాను. ఆయన వెనక వైపు ఎలా ఉంటుందో 1959లో రష్యా వారి లూనా-3 ఫొటోలు తీసేదాకా మనిషి ఎరగడు.

నాలుగో బల్ల మా ఆవిడది. క్యాలెండర్లు పరిచింది. చూస్తుండగానే ఆడవాళ్ళంతా అక్కడ చేరారు. అట్లతద్దికి చంద్రుడి కోసం కాచుకున్నవాళ్ళు, చతుర్థి ఉపవాసాలవాళ్ళు, "మా ఇంటి దగ్గర వేపచెట్టు పక్కన వస్తాడు" అని ఒకరు, "రోజూ గంటకు తక్కువ ఆలస్యం" అని ఒకరు. లెక్చరరు గారు పలకమీద లెక్క వేశారు. రోజుకు 1,440 నిమిషాలు. అమావాస్య నుంచి అమావాస్యకు 29న్నర రోజులు. భాగిస్తే 49 నిమిషాలు వచ్చింది. రెండు ఘడియలంటే 48 నిమిషాలు! గదిలో ఒక్కసారిగా చప్పుడు ఆగిపోయింది. అప్పుడు వెనక నుంచి, మనవడితో వచ్చిన ఒక పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. ఓడరేవు వైపు పల్లెలో వేటకు పోయి మానుకున్నవాడు. "అయ్యా, సముద్రం పోటూ అంతేనండి. నిన్నటి టైముకి రాదు. ముప్పావుగంట పైనే వెనకబడతది. అమాస పున్నాలకి పోటు పెద్దది. ఇయాళ అట్టమి, నీళ్ళు మందం" అన్నాడు. లెక్చరరు గారు ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి, ఎందుకలా అవుతుందో బొమ్మ గీసి చూపించారు. అమావాస్యకు, పున్నమికి సూర్యుడూ చంద్రుడూ ఒకే వరుసలో ఉండి నీటిని లాగుతారు. అష్టమికి చెరొక మూల నుంచి లాగుతారు. అందుకే పోటు తక్కువ. ఆ పెద్దాయన బొమ్మ వంక చాలాసేపు చూసి, "మా అయ్య చెప్పినదాంట్లో అబద్ధం లేదన్నమాట" అన్నాడు. ఆయన మనవడు తాత చేయి పట్టుకుని నిలబడ్డ తీరు నేను మరిచిపోలేను.

బయట మధ్యలో అరగంట మబ్బు కమ్మింది. నా గుండె జారింది. మబ్బు విడిపోయాక వరుస మళ్ళీ కదిలింది. కన్ను ఆనించిన ప్రతివాళ్ళూ "అబ్బ!" అన్నవాళ్ళే. వెలుగు అంచున గుంటలు ఒకదానిలో ఒకటిగా, నీడలు నింపుకుని, అంబలి ఉడికేటప్పుడు లేచిన బుడగల్లా ఉన్నాయి. "మన విక్రమ్ కనిపిస్తుందా?" అని మా మనవరాలు అడిగింది. కనిపించదమ్మా అన్నాను. ఎంత పెద్ద దూరదర్శినితోనైనా భూమి మీద నుంచి అంత చిన్న వస్తువు కనిపించదు. కాని అది దిగిన దక్షిణపు అంచు కనిపిస్తుంది. 1969లో మనుషులు దిగిన ప్రశాంత సాగరం కూడా నల్లటి మరకగా అదే సగంలో ఉంది. లెక్చరరు గారు ఇంకొక సంగతి చెప్పారు. విక్రమ్ దిగిన చోట ఆగస్టు 23న అప్పుడే తెల్లవారింది. అక్కడ పగలంటే మనకు దాదాపు 14 రోజులు. ఆ వెలుగు ఉన్నంతకాలమే దాని పని. అందుకే ఆ తేదీ ఎంచుకున్నారు. మా ఆవిడ వెంటనే, "ఆ రోజు సప్తమి" అంది. ఇస్రో వారికీ, మా ఆవిడకూ ముహూర్తం కుదిరిందని అందరూ నవ్వారు.

ఆ సాయంత్రం చంద్రుడి దగ్గరలోనే శనిగ్రహం కూడా ఉంది. వలయం చిన్నగా, ముద్దుగా కనిపించింది. మన సభ్యులొకరు "శనిని చూడనండీ" అని దూరంగా నిలబడ్డారు. వాళ్ళావిడ చూసి మెచ్చుకునేసరికి ఉండబట్టలేక వచ్చి చూశారు. "ఏలిననాటి శని ఏడున్నరేళ్ళు నన్ను పట్టుకుంది. ఇంత అందగాడని తెలిస్తే అంత తిట్టుకునేవాణ్ణి కాదు" అన్నారు. ఆయన ఇక్కడే ఉన్నారు. పేరు చెప్పను.

తొమ్మిదింటికి ముగించాం. రిజిస్టరులో 87 సంతకాలు, కొన్ని వేలిముద్రలు. పిల్లలు 22 మంది గ్రంథాలయ సభ్యత్వానికి దరఖాస్తు ఫారాలు తీసుకెళ్ళారు. బీరువా తాళం ఇప్పుడు తీస్తున్నారు. 2024లో రథసప్తమి, ఫిబ్రవరి 16 సాయంత్రం మరోసారి చేశాం. పొద్దున సూర్యుడికి జిల్లేడాకులు, సాయంత్రం చంద్రుడికి దూరదర్శిని.

సోదరులారా, మనం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. ఆ భవనం మనది. సాయంత్రాలు మనవి. ప్రతి నవంబరులో బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం కదా, అదే నెలలో గ్రంథాలయ వారోత్సవాలు వస్తాయి. అక్కడికి వెళ్ళి పిల్లలకు ఒక సాయంత్రం ఇస్తే, అది కూడా అలాంటి సర్టిఫికెట్టే. దూరదర్శిని లేకపోయినా ఫరవాలేదు. బత్తాయిలు, పిండి, గోళీలు, ఒక బల్బు చాలు. తెలిసినవాళ్ళను బయట నుంచి పిలిచే ముందు మీ ఇంట్లో ఎవరికి ఏం తెలుసో అడగండి.

ఇప్పుడు అడగని సంగతి. అక్టోబరులో మా ఇంట్లో నలుగురి ముందు నేనొక మాట అన్నాను. ఆ నలుగురూ ఇవాళ ఈ హాల్లో ఉన్నారు. మేడ మీద ఆ రాత్రి నేను ప్రశ్న అడిగాను గాని, క్షమాపణ అడగలేదు. ఆమె కూడా ఆ ప్రస్తావన తేలేదు. నలుగురిలో అన్న మాటకు నలుగురిలోనే చెప్పుకోవాలని నా అభిప్రాయం. నా సర్వీసులో ఎన్నో వేల తంతులు పంపాను. మంచివీ, చెడ్డవీ, ఒకటీ పొరపాటు పోలేదని గర్వంగా చెప్పుకునేవాణ్ణి. చంద్రుడి వెలుగు మన దగ్గరకు రావడానికి సెకనున్నర కూడా పట్టదు. మూడో వరుసలో కూర్చున్న మనిషికి ఒక మాట చేరవేయడానికి నాకు ఇన్ని నెలలు పట్టింది.

తప్పయిపోయింది. నీకేం తెలుసు అన్నాను. నీకు తెలుసు.

ఆమె తల వంచుకుని నవ్వుతోంది. ఇంటికి వెళ్ళాక ఏమంటుందో నాకు తెలుసు, "ఇవన్నీ సభలో చెప్పాలా?" అని. గ్రహణం మరునాటి నుంచి మా ఇంట్లో పొద్దుటి కాఫీ సంగతి నేనే చూస్తున్నాను. డికాక్షను పలచన అని ఫిర్యాదు ఉంది. నేర్చుకుంటున్నాను.